ఒక్క పన్ను తేడా

1974 తొలకరి రోజులు. తిరువూరులో విజయవాడ రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. బెజవాడలో ఒక లారీ షెడ్డులో ఆరేళ్లు పనిచేసి, చేతికి పని వచ్చిందన్న ధైర్యంతో సొంత ఊరికి తిరిగొచ్చి పెట్టుకున్నాను. మొదట్లో బావుల దగ్గరి ఆయిల్ ఇంజన్లే వచ్చేవి. తర్వాత మా మెట్ట ఊళ్లలో ఒకటీ రెండూ ట్రాక్టర్లు దిగాయి. వాటి పని తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి గంపలగూడెం వైపు నుంచీ, విస్సన్నపేట వైపు నుంచీ కూడా నా దగ్గరికే తెచ్చేవాళ్లు.

నలభై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఎన్ని ఇంజన్లు విప్పి బిగించానో లెక్కలేదు. వాటిలో ఒక ఇంజను తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సగం కోపం ఇతరుల మీద, సగం నా మీద.

ఇంజను లోపల ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు చెప్పాలి. సిలిండర్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. దాని పైన బరువైన ఇనుప మూత ఉంటుంది, అదే సిలిండర్ హెడ్; ఆ అతుకు కారకుండా నడుమ వేసే పల్చని రేకు గాస్కెట్టు. ఆ హెడ్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండు వాల్వులు. ఒకటి గాలిని లోపలికి రానిస్తుంది, రెండోది పొగను బయటికి పోనిస్తుంది. పిస్టన్ పైకి వచ్చేసరికి పొగ వాల్వు దాని దారిలోంచి తప్పుకోవాలి. డీజిల్ ఇంజనులో ఆ రెంటికీ మధ్య ఉండే సందు గోరు మందం. ఎవరు ఎప్పుడు కదలాలో నిర్ణయించేవి ఇంజను ముందు భాగంలో ఉండే టైమింగ్ గేర్లు. పిస్టన్లను తిప్పే క్రాంక్‌కు ఒక గేరు, వాల్వులను నడిపే క్యామ్‌కు ఒక గేరు, రెంటినీ కలుపుతూ నడుమ ఐడ్లర్ అనే మధ్య గేరు. వాటి పళ్ల మీద చిన్న చిన్న చుక్కలు కొట్టి ఉంటాయి. చుక్కకు చుక్క కలిపి బిగిస్తే టైమింగ్ సరిగ్గా ఉన్నట్టు. హెడ్ ఒక్కటే దించి మళ్లీ ఎక్కిస్తే ఈ గేర్ల జోలికి పోనక్కర్లేదు. ఆ గేర్లను కప్పి ఉంచే ముందు వైపు మూత విప్పి మధ్య గేరు బయటికి లాగినప్పుడే ప్రమాదం.

ఆ జూన్‌లో ఒక ఉదయం, వినగడప నుంచి సీతారామయ్యగారి ట్రాక్టరును ఇంకో ట్రాక్టరుకు గొలుసు కట్టి లాక్కొచ్చారు. సీతారామయ్యగారు పెద్ద రైతు. మామిడి తోటలు, చెరువు కింద మాగాణి, ఊళ్లో ఆయన మాటంటే మాటే. వెనక జీపులో దిగి, నా స్టూలు మీద కూర్చున్నారు.

"హెడ్డు దించు మేస్త్రీ. లోపల రాడ్లు వంగిపోయాయి. బెజవాడ మెకానిక్ వచ్చి చూసి చెప్పాడు."

"ఎలా జరిగిందండి?"

"ఎలా ఏంటి? మా డ్రైవరు వెధవ, మామిడికాయల లోడుతో కట్లేరు వాగు దిగుడులో చిన్న గేరేసి పరిగెత్తించాడు. ఇంజను ఓవర్‌స్పీడై లోపల కొట్టుకుంది. కొత్త హెడ్ గాస్కెట్టు వేయించి మూడు వారాలు కాలేదు."

ఆయన చెప్పింది అసాధ్యమేమీ కాదు. దిగుడులో చిన్న గేరులో ఉంటే వెనక తగిలించిన ట్రక్కు బరువు బండిని తోస్తుంది, ఇంజను మితిమీరి తిరుగుతుంది, వాల్వు సమయానికి మూసుకోలేక పిస్టన్ తలకు తగులుతుంది. అప్పుడు వాల్వును నొక్కే పుష్ రాడ్ వంగుతుంది. లారీల్లో అలాంటివి చూశాను.

ఆయన చూస్తుండగానే హెడ్ దించాను. మూడు సిలిండర్ల ఇంజను అది. మూడు పొగ వాల్వులూ వంగాయి. మూడు పిస్టన్ల తలల మీదా నెలవంకలాగా వాల్వు అంచు కొట్టుకున్న మచ్చలు ఉన్నాయి. ఒక మచ్చను గుడ్డతో తుడిచాను. పోలేదు. మచ్చ లోపల మసి గట్టిగా పేరుకుని ఉంది.

అప్పుడే ఆగాల్సింది. ఒక్కసారి ఓవర్‌స్పీడై తగిలిన దెబ్బ అయితే మచ్చ తళతళ మెరవాలి. మసి పేరుకుందంటే అది చాలా రోజుల పాతది. ఆ మాట నా బుర్రలో మెదిలింది కూడా. మెదిలినదాన్ని పట్టుకోలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే సీతారామయ్యగారు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు.

"ఇంద, ఇక్కడ సంతకం పెట్టు. స్టేషన్‌లో ఇవ్వాలి."

డ్రైవరు దేవసహాయం అజాగ్రత్తగా, అతివేగంగా నడపడం వల్లే ఇంజను పాడైందని అందులో రాసి ఉంది. కింద బెజవాడ మెకానిక్ సంతకం అప్పటికే ఉంది.

"నేనెందుకండీ?"

"ఈ చుట్టుపక్కల ఇంజను సంగతి తెలిసినవాడివి నువ్వే కదయ్యా."

ఆ మాటకు పొంగిపోయాను. పెద్దమనిషి నా నోటితో నిజం చెప్పించుకోవడానికి రాలేదని, తాను ముందే తేల్చుకున్నదానికి నా చేయి కావాలని వచ్చాడని తట్టలేదు. తట్టలేదంటే అబద్ధం, తట్టనివ్వలేదు. చేతి జిడ్డు తుడుచుకుని సంతకం పెట్టాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఒకతను షెడ్డు బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా ఉతికి వేసుకున్నాడు కానీ మోకాళ్ల దాకా దుమ్ము.

"మేస్త్రిగారూ, నేనండి దేవసహాయాన్ని. ఆ బండి నేనే తోలేవాణ్ణండి."

లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"మీరు కూడా సంతకం పెట్టారంట కదండీ."

"పెట్టాను. లోపల దెబ్బలు అలాగే ఉన్నాయి మరి."

"నేను పెద్ద గేరులోనే ఉన్నానండి. అసలు వాగులోకి దిగనే లేదు. ఒడ్డు మీదే టక్కుమని ఆగిపోయింది. ఎనకాల ట్రక్కు మీద ఎనిమిది మంది కూలోళ్లు ఉన్నారండి, వాళ్లనడగండి."

"మరి ముందేమైనా తేడా కనపడిందా?"

అతను నా ముఖంలోకి చూశాడు. ఆ ప్రశ్న అతన్ని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

"ఆ బెజవాడాయన హెడ్డు పనిచేసి ఎల్లిన కాడ్నించీ పొద్దున్నే స్టార్టయ్యేది కాదండి. తెల్లపొగ కక్కేది. లాగుడు లేదు. లోపల రేకు మీద గోటితో కొట్టినట్టు టిక్కు టిక్కుమని సప్పుడు. అయ్యగారికి నాలుగుసార్లు చెప్పానండి. 'తోలడం నీ పని, మెకానిక్కు పని మెకానిక్కు చూసుకుంటాడు' అన్నారు. నన్నొక్క మాట అడిగుంటే మీకూ చెప్పేవాణ్ణి కదండీ."

ఊళ్లో ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. సొసైటీ గోడౌను ముందు, ఎరువు కోసం వచ్చిన జనమంతా చూస్తుండగా సీతారామయ్యగారు అతన్ని నిలబెట్టి, తాళం చెవి లాక్కుని, బండి నాశనం చేశాడనీ, డీజిల్ కూడా అమ్ముకునేవాడనీ అన్నారట. లైసెన్సు స్టేషన్‌లో పెట్టేసుకున్నారు. దేవసహాయం భార్య మార్తమ్మను ఆ తోటల్లో కూలికి రావద్దన్నారు. మిగతా రైతులు కూడా పెద్దాయన ఏమనుకుంటాడోనని ఆమెను పిలవడం మానేశారు.

"డీజిలు దొంగనన్నారండి," అన్నాడు మెల్లగా. "ఆదివారం మా పేటలో గుడికి పోతే ఎనకాల కూచుంటన్నాను."

అతను వెళ్లిపోయాక హెడ్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కొత్త వాల్వులు, రాడ్లు బెజవాడ నుంచి బస్సులో వచ్చి ఉన్నాయి. వాల్వులు నూరి కూర్చోబెట్టి, హెడ్ ఎక్కించి, బోల్టులు వరసప్రకారం బిగించి, ట్యాపెట్లు పెట్టడానికి స్పానర్‌తో ఇంజనును చేత్తో తిప్పాను. ట్యాపెట్లు పెట్టడమంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్ అనే కడ్డీకీ మధ్య సన్నని సందు సరిచేయడం. అప్పుడొక విషయం తప్పనిసరిగా గమనిస్తాం. ఒక సిలిండర్‌లో పొగ వాల్వు మూసుకుంటూ, గాలి వాల్వు తెరుచుకుంటూ రెండూ సమంగా ఊగే క్షణం ఒకటుంది. ఆ క్షణానికి పిస్టన్ సరిగ్గా పై కొసన ఉండాలి. అది చెప్పడానికి ఇంజను వెనకుండే బరువు చక్రం, ఫ్లైవీల్ మీద గీత ఉంటుంది.

గీత వచ్చి ఆగింది. వాల్వులు ఊగలేదు. ఇంకాస్త తిప్పాక ఊగాయి.

మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. వాల్వులన్నీ ఆలస్యంగా నడుస్తున్నాయి. పిస్టన్ పైకి వచ్చేసినా పొగ వాల్వు ఇంకా దారిలోనే ఉంది. పొద్దున్నే స్టార్టు కాకపోవడం, తెల్లపొగ, లాగుడు లేకపోవడం, టిక్కు టిక్కు, మసి పట్టిన మచ్చలు, అన్నిటికీ కారణం ఇదొక్కటే. అతను చెప్పిన ప్రతి ముక్కా నిజం. ఏ డ్రైవరు తోలినా, ఎంత జాగ్రత్తగా తోలినా ఆ ఇంజను పోవాల్సిందే.

ముందు మూత విప్పి చూసుకుందామని చేయి వెళ్లింది. ఆపుకున్నాను. ఒక్కడినే విప్పితే రేపు నేనే గేరు జరిపానంటారు. సీతారామయ్యగారికి కబురు పంపాను. బెజవాడ మెకానిక్‌ను వెంటబెట్టుకుని రమ్మన్నాను. దేవసహాయానికి కూడా కబురు చేశాను.

కబురు పంపిన నాలుగో రోజు ముగ్గురూ వచ్చారు. దేవసహాయాన్ని చూడగానే సీతారామయ్యగారి మొహం మారింది.

"వీడెందుకిక్కడ?"

"బండి తోలింది అతనండి. ఉండాలి."

బెజవాడ మెకానిక్ తెల్ల ప్యాంటు మీద నలుసు పడకుండా దూరంగా నిలబడ్డాడు. నేను ముందు మూత విప్పాను. చుక్కలు ఒకదానికొకటి కలవకుండా తలో దిక్కున ఉన్నాయి. మెకానిక్ నవ్వాడు.

"మార్కులు కలవలేదని పిలిపించావా? మధ్య గేరున్న ఇంజన్లో మార్కులు చుట్టు చుట్టుకీ కలవవు బాబూ. ఆ మాత్రం తెలీదా?"

"తెలుసండి. అందుకే కలిసేదాకా తిప్పుదాం. మీరే చూడండి."

అతను చెప్పింది నిజమే. పళ్ల లెక్క వేరు కాబట్టి చుక్కలన్నీ మళ్లీ ఒకచోటికి రావడానికి చాలా చుట్లు పడతాయి. స్పానర్ వేసి తిప్పడం మొదలుపెట్టాను. చేయి నొప్పి పుట్టింది. సీతారామయ్యగారు విసుగ్గా గడియారం చూసుకుంటున్నారు. చివరికి క్రాంక్ గేరు చుక్క మధ్య గేరు చుక్క ఎదురుగా వచ్చి నిలిచింది. అదే మధ్య గేరుతో తిరిగే డీజిల్ పంపు గేరు చుక్క కూడా కలిసింది. క్యామ్ గేరు చుక్క మాత్రం పక్క పన్ను మీద ఉంది.

"ఒక్క పన్ను," అన్నాను. "హెడ్డు బిగించాక ముందు మూత విప్పారా మీరు?"

"ఆయిలు కారుతుంటే సీలు మార్చాను. మధ్య గేరు తిరిగే బుష్షు అరిగిందేమోనని తీసి చూశాను. అయితే?"

"వాల్వు స్ప్రింగులు నొక్కి ఉన్నప్పుడు మధ్య గేరు బయటికి లాగితే ఆ బలానికి క్యామ్ గేరు దానంతటదే జరుగుతుంది. తిరిగి పెట్టేటప్పుడు చుక్కలు చూసుకోలేదు. చేత్తో రెండు చుట్లు తిప్పి కూడా చూసుకోలేదు."

అతను ముందుకు వంగి చూశాడు. తర్వాత లేచి జేబు రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆ చేతులకు ఏమీ అంటలేదు.

"ఒక్క పన్నేగా. మూడు వారాలు నడిచిందిగా బండి."

నాకు అంత కోపం జీవితంలో రాలేదు. "నడిచిందా? లోపల దెబ్బలు తింటూ నడిచింది! ఇతను వచ్చి నాలుగుసార్లు చెప్పాడు చప్పుడొస్తోందని. ఎవరన్నా విన్నారా? తప్పు మీ చేతిలో పెట్టుకుని ఇతని మీద సంతకం ఎలా పెట్టారు?"

"నువ్వూ పెట్టావుగా," అన్నాడతను.



సీతారామయ్యగారు లేచి పంచె సర్దుకున్నారు. "సరే సరే. అయ్యిందేదో అయ్యింది. ముందు బండి సంగతి చూడు మేస్త్రీ, దుక్కులు ఆగిపోయినాయి."

"మరి స్టేషన్‌లో కాగితం?"

"అది నేను చూసుకుంటాలే."

ఆయన దేవసహాయం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అతను ఆ గేర్ల ముందు గొంతుక్కూర్చుని, పక్క పన్ను మీదున్న ఆ చుక్కనే చూస్తున్నాడు.

ఆయన చూసుకుంటారని నేను నమ్మలేదు. మర్నాడు స్టేషన్‌కు వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ పాత కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"ఇది నీ సంతకమేనా?"

"నాదేనండి. తప్పు. చూడకుండా పెట్టాను. చూసింది ఇప్పుడు రాసిస్తాను."

"మాట మారిస్తే నీకే ఇబ్బందయ్యా. పెద్దోళ్లతో ఎందుకు?"

"ఇబ్బంది పడ్డది వేరేవాళ్లండి," అని రెండో కాగితం రాసి సంతకం పెట్టాను. పది రోజులు తిరిగాక దేవసహాయం లైసెన్సు చేతికొచ్చింది. సీతారామయ్యగారు కూడా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.

వ్యవహారం ముగిసిందనుకున్నాను. అప్పటికే టైమింగ్ సరిచేసి బండి పంపించేశాను. పిలిస్తే పలికినట్టు స్టార్టయింది. తర్వాతి వారం వినగడప రైతు ఒకాయన పంపుసెట్టు తెచ్చి, టీ తాగుతూ అన్నాడు.

"మా సీతారామయ్యది ఎంత పెద్ద మనసండీ. అంత నష్టం చేసినా ఆ డ్రైవర్ని క్షమించి కేసు వదిలేశాడు."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. క్షమించాడట! తప్పు చేయనివాణ్ణి నలుగురిలో దొంగను చేసి, నిజం కళ్లారా చూసి, నోరు మూసుకుని, పైగా దయగలవాడన్న పేరు కొట్టేశాడు. లైసెన్సు వచ్చినా దేవసహాయం ఊరి కళ్లకు ఇంకా తప్పు చేసినవాడే. క్షమాపణ దొరికిన దొంగ. అందులో నా సంతకమూ ఉంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు మూసి మొదటి బస్సుకు వినగడప బయల్దేరాను. సొసైటీ గోడౌను ముందు ఎరువు బస్తాల కోసం జనం బారు తీరి ఉన్నారు. నాట్లకు పోయే ఆడవాళ్లు ఒక పక్కన నిలబడ్డారు. సీతారామయ్యగారు వరండాలో కుర్చీలో ఉన్నారు. నాకు సభల్లో మాట్లాడడం రాదు.

"నేను తిరువూరు మెకానిక్‌నండి. దేవసహాయం ఇంజను పాడుచేశాడని కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణి. అది అబద్ధం. ఇంజను ముందే తప్పుగా బిగించారు. అతని తప్పు ఏమీ లేదు. పైగా చప్పుడొస్తోందని నాలుగుసార్లు చెప్పాడు, ఎవరూ వినలేదు."

"ఏంటి మేస్త్రీ," అన్నారు సీతారామయ్యగారు కుర్చీలోంచి కదలకుండానే, "మా ఊరొచ్చి మీటింగు పెట్టావా?"

"ఆ మాట ఇక్కడే అన్నారు కదండీ. అందుకని ఇక్కడికే వచ్చాను."

ఆడవాళ్లలోంచి ఒకామె ముందుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని ఉంది. మార్తమ్మ ఆమేనని, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని వచ్చి నిలబడిందని నాకప్పుడు తెలియదు.

"ఇంకోసారి చెప్పండయ్యా," అంది. "ఆ బస్తాల కాడోళ్లకి ఇనపడలేదు."

ఇంకోసారి చెప్పాను. ఈసారి గొంతు పెద్దది చేసి చెప్పాను.

సీతారామయ్యగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. తర్వాత, మళ్లీ పనిలోకి రమ్మని దేవసహాయానికి కబురు పంపారట. "నలుగురిలో అన్నారు, నలుగురిలో కాదనమనండి, అప్పుడొస్తాను" అన్నాడతను. ఆయన అనలేదు, అతను వెళ్లలేదు. విస్సన్నపేట దగ్గర ఇంకో రైతు ట్రాక్టరు తోలడానికి కుదిరాడు, భార్యను తీసుకుని అక్కడికే వెళ్లిపోయాడు. సీతారామయ్యగారి బండి గానీ, ఆయన బంధువుల బళ్లు గానీ రెండేళ్లు నా షెడ్డు గడప తొక్కలేదు. బెజవాడ మెకానిక్ మాత్రం మామూలుగానే చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ, మామూలుగానే ఇంజన్లు విప్పుతూ ఉండేవాడు. అతనికి ఒక్క రోజు పని పోలేదు.

ఆ తర్వాత హెడ్ దించే ఏ ఇంజనుకైనా ముందు తోలేవాడిని పిలిచి, పక్కన కూర్చోబెట్టి, ఎప్పటి నుంచి ఏం వినపడిందో అడిగేవాణ్ణి. యజమాని అడ్డం వస్తే, మీరు కాసేపు బయట ఉండండి అనేవాణ్ణి. నాలుగు రోజులు బండి మీద కూర్చున్నవాడి చెవికి తెలిసినంత నా చేతికి తెలియదని ఒప్పుకోవడానికి నాకు ఒక మనిషి పరువు ఖర్చయింది. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, అది ఇంజను పనికి మాత్రమే సంబంధించింది కాదు. షెడ్డులో ముగ్గురి ముందు నిజం చూపించి, నా పని అయిపోయిందనుకున్నాను. అవలేదు. మనం ఒక మనిషి మీద తప్పు మాట ఎంతమంది ముందు మోపామో, అంతమందికీ వినపడేలా దాన్ని వెనక్కి తీసుకునేదాకా ఆ పని సగంలో ఉన్నట్టే.